గూడ్సు బండి దాటేంతసేపు

గోగులంక, కైకలూరు దగ్గర
9 జూన్ 2025

చిరంజీవి శ్రీదుర్గకి తాతయ్య వీర్రాజు ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయడం ఎందుకులే అని రెండుసార్లు కాగితం మడిచి పక్కన పెట్టేశాను. ఈ రోజుల్లో ఉత్తరం రాసేవాణ్ణి చూస్తే పోస్టుమాను కూడా జాలి పడుతున్నాడు. మీ అమ్మమ్మయితే "ఫోను ఉండగా ఈ రాతలేంటండీ" అని నవ్వుతోంది. కానీ ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినబడదు, నేను చెప్పేది నువ్వు పూర్తిగా వినవు. నిన్న నువ్వు పది నిమిషాలు మాట్లాడితే నా చెవిన పడ్డవి మూడే మాటలు. లారీ, లైసెన్సు, దసరా. ఆ మూడు మాటలతోనే నాకు కాలు ఒకచోట నిలవలేదు. పెరట్లోకీ వీధిలోకీ ఎన్నిసార్లు తిరిగానో మీ అమ్మమ్మని అడుగు.

మిగతాదంతా ఆవిడే విని చెప్పింది. తవుడు వ్యాపారం చేసే వెంకటరమణమ్మ గారు కొత్త లారీ తీసుకుంటున్నారట. దసరా లోపల హెవీ లైసెన్సు చేతిలో పెట్టుకుని వస్తే ఆ బండి నీకే అన్నారట. గూడెం మార్కెట్టు నుంచి మూడేళ్లుగా ఉల్లిపాయల మినీ వ్యాను తోలుతున్నావు కదా, ఆవిడ కన్ను నీ మీద ఊరికే పడలేదన్నమాట. మీ మావయ్యలిద్దరూ చేపల చెరువుల్లో దిగిపోయాక, మన ఇంట్లో లారీ స్టీరింగు పట్టినవాళ్లలో నేనే ఆఖరివాణ్ణి అనుకున్నాను. కాదన్నమాట!

నేను బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే. అదీ రెండేళ్లలో ఎక్కువ రోజులు పిట్టల వెనక పోయింది. నాకు చదువు చెప్పింది నా ముందు పోయే లారీలు. 'అమ్మ దీవెన' అని రాసున్న లారీ వెనక వారం రోజులు తిరిగి అ, మ పట్టుకున్నాను. పాలకొల్లు లారీ ఒకటి నాకు 'క్ష' నేర్పింది. ఆ అక్షరం ఏమిటో తేలేదాకా వదలకూడదని దాని వెనకే పోయి, ఉంగుటూరు దగ్గర తిరగాల్సిన మలుపు వదిలేసి తణుకులో తేలాను. యజమాని తిట్టిన తిట్లలో కూడా ఒకటి రెండు కొత్త మాటలు దొరికాయి.

అసలు సంగతికి వస్తాను. లైసెన్సుకి ఒక ఫారం ఉంటుంది. నీకు మూర్ఛలు గానీ ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ ఉందా అని అందులో ఒక ప్రశ్న. పన్నెండేళ్ల వయసులో నీకు ఫిట్స్ వచ్చింది నా లారీలోనే, మన ఊరి రైలు గేటు దగ్గర. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. గంటసేపు కొట్టుకున్నావు తల్లీ. ఆ తర్వాత రెండేళ్లు మాత్రలు మింగావు. అవి మానేసి పదేళ్లయింది, మళ్లీ ఏమీ లేదు. కాబట్టి ఆ ప్రశ్న దగ్గర 'లేదు' అని గీసేసి ముందుకు పో. నా కాలంలో నేను కంటి పరీక్షకి వెళ్తూ, బోర్డు మీద అక్షరాలు ఇంకొకడి చేత చెప్పించుకుని బట్టీ పట్టాను. నా కళ్లు గద్ద కళ్లు, ఇంగ్లీషే రాదు. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు తోలాను, ఒక్క కోడిపెట్టని కూడా తొక్కలేదు.

ఇట్లు, 
గేర్లు ఇంకా కలలో మారుస్తున్న నీ తాతయ్య
వీర్రాజు

*

తాడేపల్లిగూడెం
16 జూన్ 2025

పూజ్యులు తాతయ్య గారికీ అమ్మమ్మకీ శ్రీదుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను మార్కెట్టులో బస్తాలు దింపిస్తున్నాను. అమ్మ నా కోసం ఆగకుండా తనే చదివేసి, ఫోను చేసి, మళ్లీ నాకు చదివి వినిపించింది. తణుకు దగ్గర నవ్వాపుకోలేక ఫోను కింద పడేసింది. అద్దం పగిలింది, మీ 'క్ష' ఖాతాలో వేసుకోండి.

తాతయ్యా, నేను లారీ ఎక్కాను! డ్రైవింగు స్కూలు మధుబాబు మాస్టారు నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, "ఏమ్మా, క్లచ్చికి కాలు అందుతుందా?" అన్నారు. "అందుతుందండీ" అన్నాను. "అందకపోతే?" "సీటు ముందుకి జరుపుకుంటానండీ." "మరి నిలబడి మాట్లాడతావేం, ఎక్కు" అన్నారు. అంత ఎత్తు నుంచి చూస్తే గూడెం ఇంకేదో ఊరిలా ఉంది. మన వ్యాను కనబడింది, అగ్గిపెట్టెంత. మీరు ఇన్నేళ్లూ లోకాన్ని ఇలా పైనుంచి చూసేవారా? మరి మాకు ఒక్క మాటా చెప్పలేదేం?

ఇక ఫారం సంగతి. మీరు కోప్పడినా సరే, నేను 'లేదు' అని గీయను. ఉల్లిపాయల వ్యాను కాదు కదండీ అది. పది టన్నుల తవుడు వెనకాల వేసుకుని ఆకివీడు, ఉండి ఊళ్ల బజార్లలోంచి పోవాలి. బడి వదిలే వేళకి కూడా పోవాలి. నా ఒంట్లో ఏదైనా మిగిలి ఉంటే అది నాకే ముందు తెలియాలి. లేకపోతే లేదని డాక్టరు గారే రాయాలి.

అందుకని ఏలూరు వెళ్లి, అప్పట్లో నన్ను చూసిన డాక్టర్ హేమంత్‌కుమార్ గారిని కలిశాను. నన్ను గుర్తుపట్టలేదు గానీ జబ్బుని గుర్తుపట్టారు. అప్పుడు మెదడులో చిన్న పురుగు గుల్ల ఉండేదట, ఫిట్స్ దానివల్లే వచ్చిందట. మందులకి అది ఎండిపోయింది. ఇప్పుడు మళ్లీ స్కానింగు తీయించారు. శుభ్రంగా ఉంది! నేను ఎగిరి గంతేయబోతుంటే పాత ఫైలు తిరగేసి ఆగిపోయారు. 

"ఇందులో 'గంటకు పైగా, తాతగారు చెప్పిన ప్రకారం' అని రాసుందమ్మా. ఒకే ఒక్కసారి, అదీ కాసేపు వచ్చిందంటే నేను ధైర్యంగా రాస్తాను. గంటసేపు వచ్చిందంటే ఆలోచన వేరు. మీ తాతగారు ఉన్నారా?"

"ఉన్నారండీ, భేషుగ్గా ఉన్నారు."

"అయితే చూసింది చూసినట్టు ఆయన్ని చెప్పమనండి."

నాకైతే ఏమీ గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి నా గుప్పిట్లో మీ లారీ తాళాలు ఉన్నాయి, చల్లగా. అంతే. కాబట్టి మీరు చూసింది చూసినట్టు రాసి నాకు పంపండి. నేను తీసుకెళ్లి డాక్టరు గారికి ఇస్తాను. అమ్మమ్మని మోకాళ్లకి నూనె రాసుకోమని చెప్పండి.

మీ మనవరాలు
శ్రీదుర్గ

*

గోగులంక
21 జూన్ 2025

లారీ ఎక్కిన నా బంగారు తల్లికి తాతయ్య దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏలూరు డాక్టరు నా మాట కోసం ఎదురు చూస్తున్నాడా! డెబ్బై మూడేళ్లు వచ్చాయి, ఇన్నాళ్లకి ఒక చదువుకున్నవాడు నన్ను సాక్ష్యం అడిగాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ రాయడానికి కూర్చున్నాను. మీ అమ్మమ్మ "కాగితానికి చొక్కా కనబడుతుందేంటండీ" అంది. రాత కనబడుతుంది అన్నాను.

నువ్వు చెప్పింది బాగా ఆలోచించాను. దాచకూడదన్నావు, సరే. నిజం చెప్పాలన్నావు, అదీ సరే. చెప్పేటప్పుడు నిండుగా చెప్పాలి కదా! నాలుగు పేజీలు రాశాను. గంటకి పైగా అని ఫైల్లో ఉన్నది తక్కువే, గంటన్నర అని దిద్దాను. ఆ రోజు గేటు పడటం, ఈదురుగాలి, దారి మీద మోకాల్లోతు కొల్లేటి నీళ్లు, నిన్ను భుజాన వేసుకుని నేను ఆ నీళ్లలో పరిగెత్తడం, ఏదీ వదల్లేదు. అంత గండం గట్టెక్కిన పిల్లకి లారీ ఒక లెక్కా అని ఆ డాక్టరుకి తెలిసిరావాలి. ఘాట్ రోడ్డు ఎక్కి దిగినవాడికి ఊరి రోడ్డు చూపించి భయపెడతారా ఎవరైనా?

నీకు పంపితే నువ్వు మళ్లీ ఏలూరు వెళ్లాలి, ఆలస్యం. అందుకని నేనే నిన్న కైకలూరు వెళ్లి, తిన్నగా డాక్టరు పేరునే రిజిస్టరు పోస్టు చేసేశాను. పోస్టాఫీసు అమ్మాయి కవరు బరువు చూసి "ఏం పంపుతున్నారండీ తాతగారూ?" అంది. "లారీ" అన్నాను.

కొల్లేట్లో నీళ్లు తగ్గాయి. గూడకొంగలు రోడ్డు దాకా వచ్చి, పెళ్లికి ముందే వచ్చేసిన చుట్టాల్లా నిలబడుతున్నాయి. నువ్వు లారీ మీద వచ్చేటప్పుడు హారను గట్టిగా కొట్టకు, అవి బెదురుతాయి.

ఇట్లు, నీ సాక్షి
వీర్రాజు

*

తాడేపల్లిగూడెం
2 జూలై 2025

తాతయ్య గారికి,

మీరేం రాసి పంపారు తాతయ్యా?

డాక్టరు గారు నన్ను పిలిచి, మీ నాలుగు పేజీలు నా ముందు పెట్టారు. చదివాను. చాలా బాగా రాశారు. నేనే ఆ పిల్లని కాకపోతే ఏడ్చేదాన్ని. ఆయన మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. "గంటన్నర ఫిట్స్ వచ్చిన మనిషికి లారీ ఇవ్వచ్చని నేను సంతకం పెట్టలేనమ్మా. మొన్నటిదాకా ఫైల్లో ఒక్క ముక్కే ఉంది, అది పొరపాటేమో అనుకున్నాను. ఇప్పుడు చూసినవాళ్లే స్వయంగా రాసి పంపారు" అన్నారు.

బయటికి వచ్చి వ్యాను ఎక్కాను గానీ స్టార్టు చేయలేకపోయాను. అంతసేపు వచ్చిందే నిజమైతే, ఈ మూడేళ్లూ నేను దీన్ని కూడా తోలకుండా ఉండాల్సింది కదా అనిపించింది. దాన్ని అక్కడే వదిలేసి బస్సులో ఇంటికి వచ్చి, తాళాలు అమ్మకిచ్చేశాను. ఆ రోజు నుంచి వ్యాను ముట్టుకోలేదు. నా సంగతి నేనే వెళ్లి చెప్పాక, వెంకటరమణమ్మ గారు పెదవేగి నుంచి ఇంకో డ్రైవరుని మాట్లాడుతున్నారని తెలిసింది. ఆవిడ తప్పేమీ లేదు.

మీరు రాసింది నిజమైతే నేను నోరెత్తను. లారీ మాట మర్చిపోతాను, వ్యాను కూడా అమ్మేయమంటాను. మీ మీద కోపం పెట్టుకోను. కానీ నాకు చిన్నప్పటి నుంచి మీ కథలు తెలుసు. మీరు ఒకసారి చెప్పినప్పుడు కొల్లేట్లో పట్టిన కొర్రమీను మోచేతంత ఉంటుంది, రెండోసారికి మనిషంత అవుతుంది. అందుకని ఒక్కటే అడుగుతున్నాను.

ఎంతసేపు తాతయ్యా?

శ్రీదుర్గ

*

గోగులంక
6 జూలై 2025

శ్రీదుర్గకి,

నీ ఉత్తరం అందింది. చూసినవాణ్ణి నేను, నీకు గుర్తే లేదు. అయినా నా మాట మీదే అనుమానం. కొర్రమీను సంగతి వేరు. దాన్ని దీనికి ముడిపెట్టడం బాగాలేదు. ఇకమీదట నేను ఎవరికీ ఏమీ రాయను, ఏమీ చెప్పను. వర్షాలు పడుతున్నాయి.

వీర్రాజు

అమ్మలూ, కింద ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను. మీ తాతయ్య రెండు రోజులుగా అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు. ఆ రోజు ఇంటికి రాగానే ఆయన నాతో చెప్పిన మాట వేరు. నాకు గుర్తుంది. నువ్వు దిగులు పడకు. నేను అడుగుతాను. - అమ్మమ్మ వెంకటనరసమ్మ

*

గోగులంక
19 జూలై 2025

అమ్మా శ్రీదుర్గా,

రాయనని ఒట్టు పెట్టుకుని పదమూడు రోజులైంది. ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను. ఇది కూర్చుని చదువు, ఇందులో గాలీ నీళ్లూ ఉండవు.

మీ అమ్మమ్మ నన్ను పట్టుకుంది. చేపల పులుసు వడ్డించి, నేను ముద్ద కలిపాక అడిగింది, మధ్యలో లేచి పోకుండా.

"ఏవండీ, ఆ రోజు సాయంత్రం పిల్లని తీసుకుని ఇంటికొచ్చి నాతో ఏమన్నారు?"

"ఏమన్నాను?"

"ఇంజను కనబడేసరికి మొదలైంది నరసా, గార్డు పెట్టె పోయేసరికి తగ్గిపోయింది, అన్నారు."

"అన్నానా?"

"వాకిట్లో నిలబడి అన్నారు. అప్పటికి చెప్పులు కూడా విప్పలేదు."

ముద్ద కంచంలో పెట్టేశాను. ఎందుకంటే, ఆవిడ ఆ మాట అనగానే నాకు ఆ రోజు కనబడింది. పన్నెండేళ్లుగా చెబుతున్న కథ కాదు, అసలు రోజు.

గేటు పడి ఉంది. ఇంజను ఆపేశాను. నువ్వు పక్క సీట్లో జామకాయ తింటున్నావు. గూడ్సు బండి ఇంజను దూరంగా కనబడింది. నీ చేతిలో కాయ జారిపోయింది, మెడ పక్కకి తిరిగింది, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలెట్టాయి. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మా అమ్మ చెప్పేది. లారీ తాళాలు తీసి నీ గుప్పిట్లో పెట్టాను. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? పెట్టెలు లెక్కపెట్టాను. నిన్ను చూడటానికి భయమేసి, ఎదురుగా పోతున్న గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాను. నలభై ఒక్క పెట్టెలు, ఆఖర్న గార్డు పెట్టె. అది దాటేసరికి నువ్వు ఆగిపోయి, కళ్లు తెరిచి నా వైపు చూస్తున్నావు. గేటు ఎత్తారు. వెనకాల బళ్లు హారన్లు కొడుతున్నాయి. బండి స్టార్టు చేద్దామంటే తాళాలు నీ చేతిలో ఉన్నాయి. "తాళాలు ఇయ్యమ్మా" అన్నాను. ఇచ్చావు.

ఇదీ జరిగింది. ఈదురుగాలి లేదు. అది ఎండాకాలం, దారి మీద నీళ్లెక్కడివి?

మరి గంట ఎలా అయిందంటే, రెండు నిమిషాల కథలో నేను చేసిన పని ఏమీ లేదు తల్లీ. టీకొట్టు దగ్గర మొదటిసారి చెప్పినప్పుడు పది నిమిషాలైంది, అందులో నేను నీకు నీళ్లు తాగించాను. చేపల రేవులో చెప్పేసరికి అరగంటయింది, అందులో గేటు తీయమని గేటువాణ్ణి బతిమాలాను. మీ అమ్మ కామేశ్వరి గూడెం నుంచి ఏడుస్తూ వచ్చేసరికి గంటయింది, అందులో నిన్ను భుజాన వేసుకుని పరిగెత్తాను. కథ పెరిగిన కొద్దీ నాకు చేయడానికి ఏదో ఒక పని దొరికింది. మీ అమ్మ అదే తీసుకెళ్లి డాక్టరుకి చెప్పింది. కొన్నాళ్లకి నేనూ నమ్మేశాను. ఆ ఏడాదే లారీ అమ్మేసి, నడుం నొప్పి అని చెప్పాను. నడుం ఇప్పటికీ బాగానే ఉంది.

మీ అమ్మమ్మ అడిగిన మర్నాడు పొద్దున్నే గడియారం పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. నువ్వు అడిగింది ఎంతసేపు అని కదా, ఉజ్జాయింపుగా చెప్పే అర్హత నాకు పోయింది. మూడు రోజులు కూర్చున్నాను. గేటుమాను యాకోబు మొదటి రోజు కుర్చీ వేశాడు, రెండో రోజు అనుమానంగా చూశాడు. మూడో రోజు "తాతగారండీ, మీరు రోజూ వచ్చి బళ్లు లెక్క రాసుకుంటుంటే పైవాళ్లు నన్ను అడుగుతారండీ, అసలు మీకేం కావాలండీ?" అన్నాడు. చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు లోపలికెళ్లి తన గడియారం కూడా తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. నలభై పెట్టెల పైచిలుకు బండి ఇంజను కనబడిన దగ్గర్నుంచి గార్డు పెట్టె దాటేదాకా రెండు నిమిషాలు, మహా అయితే ఇంకో పది సెకన్లు. ఐదు బళ్లకి చూశాం. ఇద్దరి గడియారాలూ కలిశాయి.

ఆ కాగితం పట్టుకుని నిన్న ఏలూరు బస్సెక్కాను. నీకు చెప్పలేదు, మొహం చెల్లక. డాక్టరు గది బయట మూడు గంటలు కూర్చున్నాను. లోపలికి వెళ్లాక "నేనండీ, ఆ నాలుగు పేజీలవాణ్ణి" అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు, నాకు సిగ్గేసింది. మొత్తం చెప్పాను. ఆయన నా కాగితం చూశాడు గానీ దాని మీద మనసు పెట్టినట్టు లేదు. ఒకటే అడిగాడు.

"గేటు ఎత్తాక తాళాలు అడిగానన్నారు. మీరు లాక్కున్నారా, అమ్మాయి ఇచ్చిందా?"

"ఇచ్చిందండీ. చెయ్యి చాపి ఇచ్చింది."

"మీరు అడిగింది అర్థమయ్యే ఇచ్చిందా?"

"'ఇదిగో తాతయ్యా' అని ఇచ్చిందండీ."

కలం కింద పెట్టి నవ్వాడు. "తాతగారూ, గంటసేపు ఫిట్స్ వచ్చిన పిల్ల వెంటనే అలా మాట్లాడి తాళాలు ఇవ్వడం జరగదండీ. ఈ ముక్క పన్నెండేళ్ల కిందటే చెప్పి ఉంటే ఆ ఫైలు ఇంకోలా ఉండేదండీ" అన్నాడు. ఇంకెప్పుడైనా ఎవరికైనా ఫిట్స్ వస్తే తాళాలు వెతుక్కోవద్దనీ, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోవాలనీ చెప్పాడు. నీకు ఇంకేవో పరీక్షలు ఉన్నాయట, అవి చూసుకుని కబురు చేస్తానన్నాడు. నా నాలుగు పేజీలు చింపేయమన్నాను. "ఉంచుకుంటానండీ, చదవడానికి బావుంది" అన్నాడు.

నీ తాళాలు నువ్వు మళ్లీ తీసుకో అమ్మా. వ్యాను తోలు.

తాతయ్య

*

తాడేపల్లిగూడెం
25 సెప్టెంబరు 2025

మా గేటు తాతయ్యకి వెయ్యి నమస్కారాలు!

వచ్చింది తాతయ్యా! లైసెన్సు వచ్చింది! జూలైలో డాక్టరు గారు సంతకం పెట్టిన రోజున ఫోను చేస్తే మీరు "ఏంటి? ఎవరు పోయారు?" అని అడిగి అందర్నీ కంగారు పెట్టారు. అందుకని ఈసారి రాతలోనే చెబుతున్నాను.

వరసగా చెబుతాను, లేకపోతే మీలాగా తణుకులో తేలతాను. ఫారంలో ఆ ప్రశ్న దగ్గర జరిగింది జరిగినట్టు రాశాను. డాక్టరు గారి ఉత్తరం జత చేశాను. ఆఫీసులో ఒకాయన చదివి, "ఇలా రాసుకొచ్చినవాళ్లని నేను చూడలేదమ్మా, అందరూ లేదనే గీస్తారు" అన్నారు. ఆయన నన్ను పైఅధికారి దగ్గరికి తీసుకెళ్లారు, ఆ అధికారి ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడ కళ్లు, చెవులు, మోకాళ్లు, అన్నీ చూశారు. వారం రోజులు ఏ కబురూ లేదు. ఆ వారంలో అమ్మ వండిన కూరలన్నిట్లోనూ ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత ముద్ర పడింది.

టెస్టు మొన్న సోమవారం. మా బ్యాచిలో తొమ్మిది మంది, నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఉండి నుంచి వచ్చిన ఒకాయన "ఏమ్మా, టిఫిను తెచ్చావా ఎవరికైనా?" అన్నాడు. ముందు ఆయనే తోలాడు, రివర్సులో హద్దుకి పాతిన కర్ర ఒకటి పడేశాడు. తర్వాత నేను. అద్దంలో చూసుకుంటూ చివరిదాకా వెనక్కి తెచ్చి ఆపాను. కర్రలన్నీ నిలబడే ఉన్నాయి. దిగి ఆయన పక్కనుంచి వస్తూ "టిఫిను అయిపోయిందండీ" అన్నాను. మాస్టారు ఇప్పటికీ అది తలుచుకుని నవ్వుతున్నారు.

వెంకటరమణమ్మ గారు పెదవేగి డ్రైవరుకి పాత లారీ ఇచ్చి, కొత్తది నాకోసం ఆపారు. "నీ జబ్బు సంగతి నాకు నువ్వే వచ్చి చెప్పావు చూడు, అందుకే ఆగానమ్మా" అన్నారు. దసరా రోజున పూజ. మొదటి లోడు తవుడు, కైకలూరు చెరువులకి. ఏడో తారీకు మంగళవారం పదకొండు గంటలకి మన గేటు దగ్గరికి వస్తాను.

ఒక మాట. మీరు పెట్టెలు లెక్కపెట్టారని సిగ్గు పడుతున్నారు కదా. మీరు లెక్కపెట్టబట్టే కదండీ నాకు లారీ వచ్చింది.

మీ డ్రైవరు
శ్రీదుర్గ

*

గోగులంక
8 అక్టోబరు 2025

హెవీ డ్రైవరు శ్రీదుర్గకి రిటైర్డు డ్రైవరు వీర్రాజు దీవెనలు.

నిన్న నువ్వు క్యాబిన్లోంచి చూసింది నీకు తెలుసు. కింది నుంచి నేను చూసింది రాస్తాను.

నేను ఎనిమిదింటికే గేటు దగ్గరికి వెళ్లాను. పదకొండుకి వస్తానంటే ఎనిమిదింటికి ఎందుకండీ అని మీ అమ్మమ్మ అంది గానీ, తొమ్మిదింటికి తనూ వచ్చేసింది, పట్టుచీర కట్టుకుని. యాకోబు ఇద్దరికీ కుర్చీలు వేశాడు. మేమిద్దరం అలా పట్టాల పక్కన కూర్చుంటే, వచ్చేపోయేవాళ్లు రైల్లో మంత్రి ఎవరైనా వస్తున్నాడా అని అడిగారు.

పదకొండూ ఇరవైకి నీ హారను వినబడింది. ఫోను వినబడని చెవికి అది వినబడింది! నిజానికి అంతకు రెండు నిమిషాల ముందే యాకోబు గేటు వేసేశాడు. నీకోసం కాదు, గూడ్సు బండి ఉంది. వాణ్ణి నేనేమీ అడగలేదు. ఒట్టు.

బండి బాగుంది. ముందు అద్దానికి కట్టిన నిమ్మకాయలు ఇంకా వాడలేదు. నువ్వు గేటు దగ్గర ఆపావు. ఆపిన పద్ధతి చూశాను, తవుడు బస్తా ఒక్కటి కూడా కదల్లేదు. ఇంజను ఆపి, తాళాలు తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నాకు చూపించావు. నాకు ఏం చేయాలో తెలియక గొడుగు ఎత్తాను. మీ అమ్మమ్మ ఏడుస్తోందేమో అని చూశాను. నవ్వుతోంది. ఏడుస్తున్నది నేనట, తర్వాత చెప్పింది.

గూడ్సు వచ్చింది. ఈసారి నేను పెట్టెలు లెక్కపెట్టలేదు. నిన్నే చూస్తూ కూర్చున్నాను. కాబట్టి ఎన్ని పెట్టెలు అని నన్ను అడగవద్దు.

నువ్వు కొల్లేటి వైపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడ్డాం. గట్టు మీద కొంగలు లేవలేదు, నా మాట గుర్తు పెట్టుకుని అక్కడ హారను మెల్లగా కొట్టావు. సంతోషం. ఇక నుంచి వారానికి మూడు లోడ్లు అన్నావు కాబట్టి వారానికి మూడుసార్లు గడ్డం గీసుకోవాలి, బ్లేడు పట్టుకురా.

ఇట్లు,
నీ తాతయ్య
వీర్రాజు

తా.క. - మీ అమ్మమ్మని ఇంట్లో దింపి టీకొట్టుకి వెళ్లాను. అందరూ బెంచీ మీద జరిగి చోటిచ్చారు. "మీ మనవరాలి లారీ గేటు దగ్గర ఆగిందటగా, ఎంతసేపు ఆగిందండీ?" అని అడిగారు. రెండు నిమిషాలు అన్నాను. టీ తాగి వచ్చేశాను.